ఎడమ మడమ

సోమవారం పొద్దున్నే ఎమిల్ హోరాక్ వంటింట్లోకి వచ్చేసరికి, పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ కలుపుకుంటున్న కూతురు తెరెజా తలెత్తి అడిగే మాట ఒక్కటే.

"ఈ వారం నువ్వెవరు నాన్నా?"

ఆ ఇంట్లో అది వింత ప్రశ్న కాదు. పోర్ట్ హాలెక్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఎమిల్ రెండో క్వార్టర్‌బ్యాక్. క్వార్టర్‌బ్యాక్ అంటే చేత్తో బంతి విసిరి ఆట నడిపించేవాడు; ఆ చోట మొదటివాడు గార్లాండ్ ప్రూట్. ఆదివారం గార్లాండ్‌ది, మిగతా వారమంతా ఎమిల్‌ది. వచ్చే ఆదివారం ఏ ఊరి జట్టు ఎదురుగా నిలబడుతుందో, ఆ ఊరి క్వార్టర్‌బ్యాక్‌లా అతను వేషం కట్టాలి. వాడెలా నిలబడతాడో, ఎలా కేకేస్తాడో, భుజం ఎలా తిప్పుతాడో అచ్చు అలాగే చేసి చూపిస్తే, సొంత జట్టులో అడ్డుకునేవాళ్లు అతని మీద సాధన చేసుకుంటారు. ఆ వారమంతా ఎమిల్ వీపుమీద వాడి అంకె, తోటివాళ్ల నోట్లో వాడి పేరు.

ఎమిల్ ఆ పనిని అంతటితో వదిలేసేవాడు కాదు. ఎదుటివాడిది ఎడమచేతి వాటమైతే ఆ వారం ఇంట్లో సూప్ కూడా ఎడమచేత్తోనే తాగేవాడు. ఒకసారి మెడ వంకరగా పెట్టి విసిరేవాడొకడు వచ్చాడు. ఆ వారమంతా ఎమిల్ చర్చిలో కూడా మెడ వంకరగానే పెట్టుకుని కూర్చుంటే, ప్రార్థన అయ్యాక ఫాదర్ దగ్గరికొచ్చి, "ఏం నాయనా, చల్లగాలి కొట్టిందా?" అని అడిగాడు.

ఈ విద్య అతనికి చిన్నప్పటినుంచీ ఉంది. తండ్రి ఉక్కు మిల్లులో కొలిమి దగ్గర పని చేసి ఇంటికొస్తే, ఎమిల్ మిల్లు మేస్త్రీలా దగ్గి చూపించేవాడు. అది విని తండ్రి ఉలిక్కిపడి టోపీ తీసేవాడు. తల్లి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేది. "వీడికి పరకాయ ప్రవేశం వచ్చు" అని వీధిలో అందరూ అనేవారు. పక్కవీధి స్లోవక్ అమ్మాయి లుద్మిలాకి, అంటే మిలాకి, ఇదంతా దూరం నుంచే తెలుసు. మిలా నలుగురిలో నోరు విప్పేది కాదు. ఇంట్లో తల్లికి జబ్బు చేసి పదో తరగతిలోనే బడి మానేసింది. కానీ బడి మైదానం పక్కనుంచే పాలకి వెళ్లాలి కాబట్టి, వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి కంచె దగ్గర ఆగేది.

అక్కడ ఒకరోజు చూసింది. ముగ్గురు మీదపడి ఎమిల్‌ని కిందికి లాగుతున్నారు. అతను పడిపోతూ, చెయ్యి పైకెత్తే వీలులేక, బంతిని నడుం దగ్గర్నుంచే పారతో బొగ్గు తోసినట్టు ముందుకు తోశాడు. నాలుక చివర పళ్లమధ్య పట్టుకుని ఉన్నాడు. బంతి తిన్నగా వెళ్లి స్నేహితుడి గుండెకి అతుక్కుంది. తరవాత కంచె దగ్గరికొచ్చినప్పుడు మిలా గొంతు పెగుల్చుకుని అడిగింది.

"అది ఎవరిలా చేశావు?"

"ఏది?"

"ఇప్పుడు, పడిపోతూ."

ఎమిల్ తల గోక్కున్నాడు. "ఎవరిలా లేదే. పడిపోతున్నా కదా, ఏదో చేశా."

మిలాకి అతను నచ్చింది ఆ మాట దగ్గరే.

*

పెళ్లయింది, తెరెజా పుట్టింది, పోర్ట్ హాలెక్ జట్టులో ఎనిమిదేళ్లు గడిచిపోయాయి. ఎనిమిదేళ్లలో ఎమిల్ ఒక్క ఆట కూడా మొదటినుంచి ఆడలేదు. ఆట ఎటో ఒకవైపు తేలిపోయాక, జనం లేచి కోట్లు వేసుకుంటుంటే, చివర్లో ఎప్పుడైనా దింపేవారు. మిగతా ఆదివారాలు నెత్తిన టోపీ, చేతిలో అట్టముక్క. గార్లాండ్ బయటికి రాగానే నీళ్లసీసా అందించి, అవతలివాళ్లు ఎక్కడ కాపు కాస్తున్నారో చెవిలో చెప్పేవాడు.

గార్లాండ్ టెక్సస్ వాడు. పెద్ద గొంతు, పెద్ద చెయ్యి, ఎవరినీ ఊరికే ఒక మాట అనడు. అతని భార్య నెల్డా, మిలా పక్కపక్క సీట్లలో కూర్చునేవారు. ఆటగాళ్ల భార్యలకి ఒక వరస ఉంటుంది. ఆ వరసలో ఎవరూ పైకి చెప్పని నియమం ఒకటుంది. మొదటివాడు కిందపడితే రెండోవాడి భార్య ముఖంలో ఏమీ కదలకూడదు. గార్లాండ్ పడ్డప్పుడల్లా ఆ వరసలో తలలు మైదానం వైపు కాదు, మిలా వైపు తిరిగేవి. మిలా ఆ చూపులకి అలవాటుపడిపోయింది. అలాంటప్పుడు ఎదురుగా ఉన్న కుర్చీ వీపుమీద మేకుల్ని చూస్తూ ఉండిపోయేది.

రాత్రి పడుకునేముందు ప్రార్థనలో తల్లికోసం, తెరెజాకోసం, గార్లాండ్ కాళ్లూ చేతులూ బాగుండాలనీ రోజూ చెప్పుకునేది. మిగతావన్నీ నిదానంగా చెప్పేది. గార్లాండ్ మాట మాత్రం గబగబా చెప్పేసేది. అలా ఎందుకు చెబుతోందో తనని తను అడగలేదు.

ఆ ఏడు ఆగస్టులో కోచ్ మెక్‌గ్రూ ఎమిల్‌ని తన గదిలోకి పిలిచాడు.

"వచ్చే ఏడు ఒక కుర్రాణ్ని తెస్తున్నాం ఎమిల్. నీకిదే ఆఖరు. బాధపడకు. ఎదుటివాణ్ని నీ అంత బాగా దించేవాడు ఈ లీగ్ మొత్తంలో లేడు. ఒట్టు."

ఇంటికొచ్చి ఆ మాట కోచ్ గొంతుతోనే, ముక్కుతో గాలి పీలుస్తూ చెప్పాడు. తెరెజా నవ్వింది. మిలా నవ్వలేదు. ఆ రాత్రి అతను సొంత గొంతుతో అన్నాడు: "ఒక్కటి చాలు మిలా. మొదటి బంతినుంచి చివరి బంతిదాకా, ఒక్క ఆట. గెలిస్తే ఇంకో ఊళ్లో ఎవరైనా పిలుస్తారేమో. పిలవకపోయినా ఫరవాలేదు. నేనెలా ఆడతానో నేను చూడాలి."

సెప్టెంబరు పోయింది, మంచు మొదలైంది. గార్లాండ్ కాలు జారకుండా, వేలు బెణక్కుండా ఆడుతూనే ఉన్నాడు. ఇక రెండే ఆటలు మిగిలాయి. రెండూ గెలిస్తేనే జట్టు పై పోటీలకి వెళ్తుంది.

మొదటిది సొంత ఊళ్లో. గెలిచారు. కానీ చివర్లో ఇద్దరు మీదపడి గార్లాండ్ తల నేలకి కొట్టుకుంది. అతను లేవలేదు. నెల్డా చప్పున మిలా చెయ్యి పట్టుకుంది. వరసలో తలలన్నీ తిరిగాయి. మిలా మేకులకేసి చూసింది. ముఖంలో ఏ గీతా కదల్లేదు. గార్లాండ్ కాసేపటికి లేచి, చెయ్యి ఊపుతూ నడిచి వెళ్లాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. నెల్డా తన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

*

"ఈ వారం నువ్వెవరు నాన్నా?"

"ఈ వారం నేను వేన్ టారెంట్‌ని తల్లీ" అన్నాడు ఎమిల్, దక్షిణాది యాస సాగదీస్తూ. "మా ఊళ్లో స్టేడియానికి పైకప్పు ఉంటుంది తెలుసా? లోపల జనం అరిస్తే నీ చెవులు ఊడి నీ చేతిలో పడతాయి."

గార్లాండ్‌కి మెడ కాస్త బిగిసిందంతే, అతనే ఆడతాడని కోచ్ పత్రికలవాళ్లకి చెప్పాడు. ఎమిల్‌కీ అదే చెప్పాడు. అందుకని ఎమిల్ రోజూలాగే పరాయి చొక్కా తొడుక్కున్నాడు. టారెంట్ ఆడిన ఆటల టేపులు ఇంటికి తెచ్చుకుని, వెనక్కి తిప్పి తిప్పి చూశాడు. మంగళవారం ఒక సంగతి పట్టుకున్నాడు.

"చూడు మిలా. బంతి రాకముందు వీడేం చేస్తున్నాడో చూడు. కాలు."

మిలా చూసింది. టారెంట్ బంతి అందించేవాడికి వెనగ్గా నిలబడి, బంతి కోసం ఎదురుచూస్తూ, ఎడమ మడమ రెండుసార్లు లేపి నేలకి కొడుతున్నాడు. పాట వింటూ తాళం వేసేవాడిలా.

"అది వాడికే తెలీదు" అన్నాడు ఎమిల్ సంబరంగా. "రెండోసారి కొట్టాక ఒక్క ఊపిరి. అప్పుడు బంతి అడుగుతాడు. ఇది మనవాళ్లకి పట్టిస్తే, వాడికంటే ముందే కదులుతారు."

ఇంక ఆ వారమంతా ఆ ఇంట్లో టక్, టక్. గిన్నెలు తుడుస్తూ టక్ టక్. పళ్లు తోముకుంటూ టక్ టక్. ఫోన్ పట్టుకుని గోడకానుకున్నా టక్ టక్. కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలు సాబో ముసలమ్మ చీపురుకర్రతో పైకప్పుని పొడిచింది.

"ఏంట్రా ఎమిల్! పైన గుర్రాన్ని కట్టేశావా?"

"గుర్రం కాదు సాబో పిన్నీ, టారెంట్!"

"ఎవడైతే నాకేంట్రా! వాడి కాళ్లకి మేజోళ్లు తొడుగు!"

శుక్రవారం సాధనలో అడ్డుకునేవాళ్లు ఎమిల్‌ని ప్రతిసారీ దొరకబుచ్చుకున్నారు. "టారెంట్ పని అయిపోయింది, ఆదివారం కాస్త కనికరించండ్రా" అని వాళ్లలో వాళ్లు నవ్వుకున్నారు. బంతి అందించే బ్రోనిక్, తలుపంత మనిషి, ఎమిల్‌ని భుజమ్మీదికెత్తుకుని గదిలోకి మోసుకెళ్లాడు.

శనివారం పొద్దున టారెంట్ ఊరికి బయల్దేరేముందు జట్టంతా కలిసి టిఫిన్ చేస్తున్నారు. గార్లాండ్ ఎదురుగానే ఎమిల్ కూర్చున్నాడు. గుడ్డు తింటున్న గార్లాండ్ చేతిలోంచి ఫోర్కు పడింది. తీసుకున్నాడు. మళ్లీ పడింది. బల్లదగ్గర అందరూ ఎవరి పళ్లెంలోకి వాళ్లు చూసుకున్నారు. గార్లాండ్ కుడిచేతి వేళ్లని కాసేపు పరాయివాడి వేళ్లలా చూసి, లేచి, కోచ్ దగ్గరికి తనే నడిచి వెళ్లాడు.

ఇంట్లో ఫోన్ మోగింది.

"మిలా, నేనే. రేపు ఆట నాది."

ఆ మాట సాగుతూ వచ్చింది, దక్షిణాది యాసలో. మిలాకి ముందు అదే చెవిన పడింది.

"ఎమిల్, ఇంకా వాడిలాగే మాట్లాడుతున్నావు."

అవతల నవ్వు. "ఛీ, నోట్లోంచి పోవడం లేదు వీడు. పోతాడులే. రాత్రికల్లా పోతాడు." తరవాత సొంత గొంతుతో, "గార్లాండ్ చెయ్యి ఏం బాగాలేదు మిలా. నాకు సంతోషంగా ఉందని నువ్వు ఎవరితోనూ అనకు" అన్నాడు.

"నేనెవరితో అంటాను?" అంది మిలా.

*

పరాయి ఊళ్లో ఆటలు భార్యలందరూ ఒకచోట చేరి టీవీలో చూడటం అలవాటు. ఎప్పుడూ గార్లాండ్ ఇంట్లోనే. ఈసారి ఏం చెయ్యాలో మిలాకి తోచలేదు. నెల్డాయే ఫోన్ చేసింది.

"ఏంటమ్మాయ్ ఆలోచిస్తున్నావు? మాంసం, చిక్కుళ్లు వేసి చిల్లీ వండేశాను, మొక్కజొన్న రొట్టె పొయ్యిలో ఉంది. తెరెజాని తీసుకుని వచ్చెయ్."

మెడకి గట్టి పట్టీ కట్టుకుని గార్లాండ్ పెద్ద వాలుకుర్చీలో ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో దిండుమీద పెట్టుకున్నాడు. గదినిండా ఆడవాళ్లు. సోఫాలో చోటు చూపించారు కానీ మిలా వెళ్లి గార్లాండ్ కాళ్లదగ్గర ముక్కాలిపీట మీద కూర్చుంది. అక్కడైతే తన ముఖం ఎవరికీ కనపడదు.

టీవీలో ఎమిల్ చిన్నగా కనిపించాడు. చొక్కా కొత్తగా, మడతలు విప్పనట్టుగా ఉంది. మొదట్లో రెండు బంతులు జనంలోకి పోయాయి. ఒకసారి తన్నించుకుని లేవడానికి ఆలస్యం చేశాడు. గదిలో ఎవరో "పాపం" అన్నారు.

"వాణ్ని ఊపిరి పీల్చుకోనివ్వండి" అన్నాడు గార్లాండ్.

ఊపిరి పీల్చుకున్నాక ఎమిల్ కుదురుకున్నాడు. ఒకటి అందింది, రెండు అందాయి. సగం ఆట దాటేసరికి పోర్ట్ హాలెక్ వెనకబడే ఉంది కానీ దగ్గర్లోకి వచ్చింది. అవతలివైపు టారెంట్‌ని మనవాళ్లు కట్టిపడేశారు. వాడి మడమ రెండోసారి నేలకి తగలగానే మీదపడుతున్నారు. "చూశావా, ఇది ఎమిల్ పుణ్యం" అంది నెల్డా. మిలా తల ఊపింది.

అప్పుడొచ్చింది ఆ బంతి. ముగ్గురు మీదపడ్డారు. ఎమిల్ పడిపోతున్నాడు. చెయ్యి పైకి లేచే వీల్లేదు. నడుం దగ్గర్నుంచే, పారతో బొగ్గు తోసినట్టు, బంతి ముందుకు తోశాడు. మనవాడొకడు అందుకుని చివరి గీత దాటేశాడు. గదిలో కేకలు, చప్పట్లు. తెరెజా సోఫామీద గెంతింది. టీవీలో వ్యాఖ్యాత అరుస్తున్నాడు: "చూశారా! అచ్చు గార్లాండ్ ప్రూట్! ఎనిమిదేళ్లు పక్కన నిలబడి బాగా నేర్చుకున్నాడు!"

తలమీదినుంచి గార్లాండ్ గొంతు మెల్లిగా వినపడింది.

"నాది కాదది. వాడిదే. మొదటి ఏడు సాధనలో చూసి నేనే ఎత్తుకొచ్చేశాను."

ఆ గోలలో అది మిలా ఒక్కదానికే వినపడింది. తిరిగి చూసింది. గార్లాండ్ కళ్లు టీవీమీదే ఉన్నాయి.

చివరి నిమిషం. పోర్ట్ హాలెక్‌కి గీత దాటితే గెలుపు, లేకపోతే లేదు. బంతి గీతకి మూడు గజాల దూరంలో ఉంది. పైకప్పు కింద జనం అరుపులకి టీవీ డబ్బా కూడా వణుకుతున్నట్టుంది. అంత గోలలో ఎమిల్ కేక ఎవరికీ వినపడదు. అలాంటప్పుడు ఆ జట్టుకి ఒక గుర్తు ఉంది. క్వార్టర్‌బ్యాక్ వెనగ్గా నిలబడి ఎడమ మడమ లేపుతాడు. కాళ్లమధ్యనుంచి తలకిందులుగా చూస్తున్న బ్రోనిక్, మడమ లేవగానే బంతి వెనక్కి పంపేస్తాడు. సాయంత్రం నుంచీ అలాగే ఆడుతున్నారు. బంతి అడిగేటప్పుడు తప్ప ఎమిల్ కాలు అంతసేపూ రాయిలా ఉంది.

ఎమిల్ నిలబడ్డాడు. ఎవరో తప్పుచోట నిలబడ్డట్టున్నారు. ఎమిల్ ముఖం కుడివైపు తిప్పి, చెయ్యి చాపి, ఇంకా పక్కకి జరగమని చూపిస్తున్నాడు.

ఆ చూపించడంలో, అతని ఎడమ మడమ లేచి నేలకి తగిలింది.

బంతి వచ్చింది. చాపిన చేతి పక్కనుంచి, ఖాళీ గాల్లోంచి వెళ్లి, అతని వెనక నేలమీద దొర్లింది. ఎమిల్ వెనక్కి తిరిగేసరికి దానిమీద నలుగురు టారెంట్ మనుషులు పడుకుని ఉన్నారు.

టీవీవాళ్లు దాన్ని వెనకనుంచి మళ్లీ చూపించారు. నెమ్మదిగా, ఇంకోసారి. వ్యాఖ్యాత "బ్రోనిక్ తొందరపడ్డాడా? హోరాక్ సిద్ధంగా లేడా? అర్థం కావడం లేదు" అంటున్నాడు. మిలా ఆ మడమనే చూసింది. మంగళవారం నుంచి శుక్రవారం దాకా తన వంటింటి నేలమీద విన్న మడమ అది.

"అది టారెంట్ కాలు" అన్నాడు గార్లాండ్. ఎడమచెయ్యి చాపి టీవీ ఆపమని సైగ చేశాడు.

*

ఆడవాళ్లు ఒక్కొక్కరే కోట్లు తగిలించుకుని వెళ్లిపోయారు. మిలా గిన్నెలు కడగడానికి వంటింట్లోకి వెళ్లింది. నెల్డా వెనకే వచ్చి తుడిచే గుడ్డ అందుకుంది.

"ఒక మాట చెప్తాను, ఏమనుకోకు" అంది. "పోయిన ఆదివారం ఆయన పడ్డప్పుడు నీ ముఖం చూశాను. ఏమీ లేదు. ఎప్పుడూ ఏమీ ఉండదు. కానీ నీ చెయ్యి నా చేతిలో ఉంది చూడు, అది ఉన్నట్టుండి వెచ్చబడింది."

మిలా చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. లేదని చెప్పాలనుకుంది. కళ్లలో నీళ్లొచ్చాయి.

"ఏడవకు. నేనైనా అంతే. నాకు కోపం వచ్చిందని కాదు చెప్తున్నది. ఎవరికైనా తెలిసిందా తెలియలేదా అని నువ్వు నలిగిపోతుంటావని చెప్తున్నాను. తెలిసింది. ఫరవాలేదు." నెల్డా పళ్లెం తుడిచి పక్కన పెట్టింది. "వాడు గెలవాలనే అనుకున్నానే అమ్మాయ్. నిజంగా."

ఎమిల్ ఇల్లు చేరేసరికి మెట్లమీద సాబో ముసలమ్మ గుడ్డలో చుట్టిపెట్టిన గసగసాల రొట్టె ఉంది. మనిషి మాత్రం బయటికి రాలేదు. ఎమిల్ రొట్టె తీసుకుని, బూట్లు మెట్లమీదే విప్పేసి, మేజోళ్లతో వంటింట్లోకి వచ్చాడు. ఆ రోజునుంచి ఇంట్లో ఎప్పుడూ మేజోళ్లతోనే నడిచాడు. మిలా కాఫీ పోసింది. అతను తాగాడు. ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

పొద్దున్నే తెరెజా నిద్రకళ్లతో వచ్చి కుర్చీ ఎక్కింది. అలవాటు కొద్దీ నోరు జారింది.

"ఈ వారం నువ్వెవరు నాన్నా?"

ఎమిల్ పాలసీసా మూత తీస్తూ ఆగాడు. "ఈ వారం ఎవరూ లేరమ్మా. ఆటలు అయిపోయాయి."

మధ్యాహ్నం బ్రోనిక్ వచ్చాడు. ఒక బీరు పెట్టె చంకలో పెట్టుకుని, తలుపులో నిండిపోయి, లోపలికి రాకుండా నిలబడ్డాడు.

"కాలు లేచింది ఎమిల్. తలకిందులుగా చూస్తున్నా. లేచింది, ఇచ్చేశా."

"నువ్వు చేసింది సరైనదేరా."

"నేను నీ చేతులు కూడా చూసుకోవాల్సింది."

"చేతులు కాదు, కాలు చూడాలనే కదా ఒప్పందం. లోపలికి రా. ఆ పెట్టె అక్కడ పెట్టు, నీ మోకాళ్లు పాడవుతాయి."

బ్రోనిక్ కుర్చీలో కూర్చుని, అంత మనిషీ ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. ఎమిల్ అతని వీపు నిమిరాడు. తన కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి.

*

వసంతంలో జట్టు ఎమిల్‌ని వదిలేసింది. ఇంకో ఊరినుంచి ఎవరూ పిలవలేదు. అతను కొన్నాళ్లు కప్పులకి పెంకులు వేసే పనికి వెళ్లాడు, తరవాత నగరపాలక సంస్థవాళ్ల నీటి మీటర్లు చూసే ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఇంటింటికీ తిరిగే ఉద్యోగం. అందరూ గుర్తుపట్టేవారు. ఆ మడమ లేచిన సంగతి పత్రికల్లో వచ్చి ఊరంతా తెలిసిపోయింది. మిల్లు దగ్గర సారాకొట్టు ముందునుంచి వెళ్తే, లోపలినుంచి ఎవడో ఒకడు ఎడమకాలు లేపి నేలకి టక్ టక్ కొట్టేవాడు. మిగతావాళ్లు నవ్వేవారు. మాంసం కొట్టువాడు ఒకసారి, "మడమ మాంసం కావాలా ఎమిల్? నీకు సగం ధరకే" అన్నాడు. ఎమిల్ కూడా నవ్వి, "పెట్టు, కూరలో పడేస్తాం" అన్నాడు. మిలా ఆ కొట్టుకి వెళ్లడం మానేసింది.

ఒకసారి అడిగింది. "వారమంతా నీచేత టారెంట్ వేషం వేయించి చివర్లో దింపారని పత్రికలవాళ్లకి చెప్పొచ్చుగా?"

"వేషం వేసినందుకే కదా జీతం. విప్పుకోవడం నా పని, వాళ్లది కాదు." అంతే. ఆ రోజు సంగతి మళ్లీ ఎత్తొద్దన్నట్టు లేచి వెళ్లిపోయాడు. మిలా మళ్లీ ఎత్తలేదు. గార్లాండ్ అన్న మాట నాలుకమీదికి వచ్చి ఎన్నోసార్లు వెనక్కి పోయింది. అది చెప్పాలంటే ఆ రోజంతా తవ్వి తీయాలి.

చర్చి పిల్లల పండగకి ఎమిల్ ఇంకా అందర్నీ దించి చూపించేవాడు. ఫాదర్‌ని, మేయర్‌ని, సాబో ముసలమ్మని. ఆటగాళ్లని మాత్రం ఎవరు అడిగినా చెయ్యలేదు.

గార్లాండ్ చెయ్యి పూర్తిగా బాగవలేదు. వాళ్లు టెక్సస్ వెళ్లిపోయారు. తెరెజా కాలేజీలో చేరిన ఏడు నెల్డా ఫోన్ చేసింది. గార్లాండ్ పొలం గట్టుమీద కూలిపోయాడట, గుండె. ఎమిల్, మిలా పాత కారులో రెండు రోజులు ప్రయాణం చేసి వెళ్లారు. శవపేటిక మోసిన ఆరుగురిలో ఎమిల్ ఒకడు. బ్రోనిక్ ఇంకొకడు.

మర్నాడు తిరుగు ప్రయాణానికి ముందు నెల్డా ఇంటి వరండాలో ఇద్దరూ కూర్చున్నారు. ఎండ అప్పుడే ఎక్కుతోంది. ఎమిల్ పొలంలోకి చూస్తూ ఉన్నట్టుండి అడిగాడు.

"మిలా, ఆ రోజు నేను ఒక్క బంతైనా నాలా విసిరానా?"

మిలా అతని వైపు తిరిగింది. ఇన్నేళ్లు దాచిన మాట.

"విసిరావు. ఒకటి. పడిపోతూ, నడుం దగ్గర్నుంచి తోశావు చూడు, అది."

ఎమిల్ తల అడ్డంగా ఊపాడు. "అదా. అది గార్లాండ్‌ది."

"కాదు. గార్లాండే చెప్పాడు నాకు. ఆ కుర్చీలో కూర్చుని చెప్పాడు. నాది కాదు, వాడి దగ్గరే ఎత్తుకొచ్చానన్నాడు."

ఎమిల్ నవ్వాడు. ఆ నవ్వులో మిలా మాటమీద నమ్మకం లేదు. "గార్లాండ్ ఎప్పుడూ అంతే. నువ్వు పక్కనే ఉన్నావు కదా, నీ మనసు కష్టపడకూడదని అనుంటాడు. మంచివాడు."

"నేను చూశాను ఎమిల్. బడి మైదానంలో. కంచె దగ్గర నిలబడి చూశాను. అప్పటికి గార్లాండ్ ఎవరో నీకు తెలియనే తెలియదు. ఎవరిలా చేశావని నిన్ను అడిగాను కూడా."

"అడిగావా?" ఎమిల్ కళ్లు చికిలించి గుర్తు తెచ్చుకోబోయాడు. ఏమీ దొరకలేదు. "ఎప్పటి మాటో మిలా. నీకేదో కలగలిసిపోయింది."

ఆ ఒక్క మాటకి సాక్షిగా ఉన్నవాణ్ని నిన్ననే మట్టిలో పెట్టి వచ్చారు. మిలా ఇంక వాదించలేదు. వాదించడం ఆమెకి ఎప్పుడూ రాలేదు. లోపలికి వెళ్లి నెల్డాని కావలించుకుని, పెట్టె తీసుకుని, కారు దగ్గరికి నడిచింది. డిక్కీకి తాళం వేసి ఉంది.

"తాళాలు!" అని కేకేసింది.

ఎమిల్ వరండా మెట్లు దిగుతున్నాడు. ఒక చంకలో కోటు, ఆ చేతిలోనే కారు తాళాలు, ఇంకో చేతిలో నెల్డా ఇచ్చిన రొట్టెల బుట్ట. కాలు మెట్టు తప్పి ఒకవైపు ఒరిగాడు. పడిపోకుండా ఆపుకుంటూ, చెయ్యి పైకెత్తే వీలులేక, నడుం దగ్గర్నుంచే తాళాలు ముందుకు తోశాడు. నాలుక చివర పళ్లమధ్య పట్టుకుని ఉన్నాడు.

తాళాలు తిన్నగా వచ్చి మిలా అరచేతిలో పడ్డాయి.

"జాగ్రత్త" అందామె. వేళ్లు మూసుకుని, డిక్కీ వైపు తిరిగింది.